నడికట్టు చెప్పిన పాఠము: స్పానిష్ భాషలో ఒక పదకుటుంబము

మన కళాశాలలో స్పానిష్ భాషను అభిరుచి కొలది చదువుకొను చిన్న బృందము ఒకటి కలదు. ఉర్దూ మాధ్యమమున చదివిన వారును, తెలుగు మాధ్యమమున చదివిన వారును అందులో కలిసి కూర్చుందురు. ఒకనాడు మేము చదువుచున్న వార్తావ్యాసములో ఒక వాక్యము వచ్చినది. ప్రజలు 'అప్రెతార్సె ఎల్ సింతురోన్' చేయవలసి యున్నదని ప్రభుత్వము ప్రకటించినదని దాని సారాంశము. 'సింతురోన్' అనగా నడుమునకు పెట్టుకొను బెల్టు. 'అప్రెతార్' అనగా బిగించుట. ఇంతవరకు నిఘంటువు చెప్పినది.

తెలుగు విద్యార్థి "ప్రజలు నడుము బిగించవలెనని ప్రభుత్వము పిలుపునిచ్చినది" అని వ్రాసెను. ఉర్దూ విద్యార్థిని 'కమర్ కస్‌నా' అను జాతీయమును వాడి అదే అర్థమును వ్రాసెను. ఒకరి వ్రాత నొకరు చూడలేదు. రెండు భాషలును ఒకే మాట చెప్పుచున్నవి గదా యని మాకు నమ్మకము రెట్టింపైనది. రెండింటిని ఒప్పని దిద్దితిమి.

మరుసటి వారము వ్యాసములోని మిగిలిన భాగము చదివితిమి. అందులో జీతముల కోత యున్నది, పెరిగిన ధరలున్నవి. ఉత్సాహముతో కార్యరంగమున దూకు ప్రజలు మాత్రము ఎక్కడను లేరు. అప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు. స్పానిష్ వారికి నడికట్టు బిగించుట సంసిద్ధతకు గుర్తు కాదు. తిండి తగ్గి పొట్ట లోనికి పోవును, అప్పుడు బెల్టును ఇంకొక రంధ్రము లోపలికి పెట్టుకొనవలసి వచ్చును. ఆ జాతీయమునకు మూలము ఈ దృశ్యమే. ఖర్చు తగ్గించుకొని కష్టముతో కాలము వెళ్ళబుచ్చుట యని దాని భావము. తెలుగులో దానికి దీటైన మాట 'కడుపు కట్టుకొనుట', ఉర్దూలో 'పేట్ కాట్‌నా'. అనగా మనకు కావలసిన మాట నడుము దగ్గర లేదు, కడుపు దగ్గర నున్నది.

ఒక్క మాటలో తప్పు జరిగినందున వాక్యము మొత్తము తలక్రిందులైనది. ప్రజలను పస్తుండుమన్న ప్రభుత్వము, మా అనువాదములో, ప్రజలను ఉత్సాహపరచిన ప్రభుత్వమైనది. ఈ తప్పు విద్యార్థులది కాదు, దిద్దిన మాది. దానికి ప్రాయశ్చిత్తముగా ఆ నడికట్టు చుట్టు నున్న స్పానిష్ పదములను ఒకచోట చేర్చి విద్యార్థుల ముందుంచుచున్నాము.

1. ఉచ్చారణను గురించి కొన్ని మాటలు

స్పానిష్ భాష 20 దేశములలో అధికార వ్యవహారమున నున్నది. దేశమును బట్టి ఉచ్చారణ మారును. 'సింతురోన్' మొదటి అక్షరమును స్పెయిన్ దేశములో అధికభాగమున నాలుక కొనను పండ్ల నడుమ నుంచి పలుకుదురు. అమెరికా ఖండములలోని స్పానిష్ వారు దానిని మన 'స' వలెనే పలుకుదురు. ఈ వ్యాసములో మేము రెండవ పద్ధతినే అనుసరించితిమి.

మన విద్యార్థులకు రెండు సౌకర్యములు కలవు. స్పానిష్ 'త' మన తెలుగు 'త' వలె పండ్లకు తగిలి పుట్టునదే. ఇక 'ఫాఖా' మొదలగు మాటలలోని 'ఖ' ధ్వని ఉర్దూలో 'ఖబర్' అన్నప్పుడు వచ్చు 'ఖే' ధ్వనికి మిక్కిలి దగ్గరగా నుండును. మొదటి దానిలో తెలుగువారు ఉర్దూ విద్యార్థులకు నేర్పవలసినది లేదు, వారికిని ఆ 'తే' కలదు. రెండవ దానిలో మాత్రము తెలుగువారు పొరుగు బల్లవారి నడిగి నేర్చుకొనవలెను.

2. ఒకే వస్తువు, పలు పేర్లు

లాటిన్ భాషలో చుట్టుకొనుట, కట్టుకొనుట అను అర్థముగల 'కింగెరె' అను ధాతువు కలదు. అది స్పానిష్‌లో 'సెఞిర్' అయినది. కత్తిని నడుమునకు కట్టుకొనుట, కిరీటమును తలకు ధరించుట, వస్త్రము ఒంటికి బిగువుగా నుండుట, ఇవన్నియు ఈ క్రియతో చెప్పుదురు. 'సెఞిర్సె' అన్నచో ఒక హద్దునకు కట్టుబడి యుండుట. ఉపన్యాసకుడు విషయమును దాటిపోవుచున్నప్పుడు సభాధ్యక్షుడు చెప్పు మాట ఇదే.

ఈ ధాతువునకు సంతానము పెద్దది. 'సింతూరా' అనగా నడుము. దాని నుండియే 'సింతురోన్' పుట్టినది. 'సింతో' అనునదియు నడికట్టే. అర్జెంటీనాలో నిత్యవ్యవహారమున ఈ మాటయే ఎక్కువగా వినిపించును. 'సింతో' చివరి 'ఓ' కారమును 'ఆ' కారముగా మార్చి 'సింతా' అన్నచో అర్థము వేరగును. అది రిబ్బను, పట్టీ, టేపు. దర్జీవాని కొలబద్ద టేపును, టైపు యంత్రములోని సిరా రిబ్బనును, పాటలు నిలువచేయు టేపును, తుదకు సినిమాను గూడ 'సింతా' అందురు. మొదటిది పుంలింగము, రెండవది స్త్రీలింగము. వస్తువులకు లింగభేదము పాటించు అలవాటు తెలుగున లేదు, ఉర్దూలో కలదు. కావున ఇచ్చట ఉర్దూ విద్యార్థికి కొంత వెసులుబాటు.

గుఱ్ఱపు జీనును బిగించు పట్టెడను 'సించా' అందురు. క్రైస్తవ పురోహితుడు పూజావస్త్రముపై నడుమునకు కట్టుకొను త్రాటిని 'సింగులో' అందురు. ఈ రెండును ఆ ధాతువు నుండియే వచ్చినవి.

'కొర్రెయా' వేరొక ఇంటి బిడ్డ. తోలుపట్టె యని దాని మొదటి అర్థము. స్పెయిన్‌లో చేతి గడియారపు పట్టెను, కుక్క మెడకు కట్టు వారును, యంత్రములలో చక్రమునకు చక్రమునకు నడుమ తిరుగు బెల్టును ఇట్లు పిలుతురు. కాని కొలంబియా, పెరూ, వెనెజులా దేశములలో లాగునకు పెట్టుకొను బెల్టే 'కొర్రెయా'. మాడ్రిడ్ నగరపు దుకాణములో 'కొర్రెయా' కావలెనన్నచో "దేనికి? గడియారమునకా, కుక్కకా?" అని అడిగినను ఆశ్చర్యపడరాదు.

బెల్టు కొనను బిగించు బకిల్‌ను 'ఎబియ్యా' అందురు. వ్రాతలో దీని మొదట 'హ' యున్నను పలుకుటలో ఉండదు. స్పానిష్ వ్రాతలోని 'హ' సాధారణముగా మౌనముగానే యుండును. ఈ సంగతి మనకు ముందు అక్కరకు వచ్చును.

'ఫాఖా' మరియొక కుటుంబము. లాటిన్‌లోని 'ఫాస్కియా' దీనికి మూలము. ఇది తోలుతో చేసినది కాదు, వెడల్పైన వస్త్రము. మన పెద్దలు కట్టిన దట్టి వంటిది. పాంప్లోనా నగరమున ప్రతి సంవత్సరము జూలై 6 నుండి 14 వరకు జరుగు సాన్ ఫెర్మీన్ ఉత్సవములో ఎద్దుల ముందు పరుగెత్తు యువకులు తెల్లని దుస్తులపై ఎఱ్ఱని 'ఫాఖా' కట్టుదురు.

కాటలోనియా ప్రాంతమున మనుష్యులు ఒకరి భుజములపై ఒకరు నిలిచి గోపురములు కట్టు ఆచారము కలదు. 2010లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చినది. అందు పాల్గొనువారు కొన్ని మీటర్ల పొడవైన నల్లని దట్టిని నడుమునకు గట్టిగా చుట్టుకొందురు. అది బరువు మోయువాని వెన్నును కాపాడును. పైకి ఎగబ్రాకు పిల్లవాని పాదమునకు మెట్టుగా గూడ ఉపయోగపడును. ఒకరు తమ రక్షణకై కట్టుకొన్న వస్త్రము ఇంకొకరికి సోపానమగుచున్నది.

'ఫాఖా'కు అల్పార్థకము 'ఫాఖీన్'. స్పెయిన్ సేనాధిపతులు నడుమునకు కట్టు ఎఱ్ఱపట్టు దట్టి ఇదే. విందుకోటు లోపల నడుమునకు కట్టు పట్టువస్త్రమునకును ఇదే పేరు. దానినే ఆంగ్లమున మన 'కమర్‌బంద్' మాటతో పిలుతురు. పారశీకము నుండి హిందూస్థానీలోనికి, అచ్చట నుండి ఆంగ్లములోనికి వెళ్ళిన మాట అది. ఆంగ్లేయులు మన మాటను తీసికొనిరి, స్పానిష్ వారు తమ పాత దట్టి పేరునే చిన్నది చేసి వాడుకొనిరి.

3. నడుము విడిచి వెళ్ళిన మాటలు

నడికట్టు చుట్టుకొనియుండునది, పొడవుగా నుండునది. ఈ రెండు గుణములే దాని పేరును నడుము నుండి భూమికి, భూమి నుండి ఆకాశమునకు కొనిపోయినవి.

కారులో ప్రాణరక్షణకు పెట్టుకొను పట్టీ 'సింతురోన్ దె సెగురిదాద్'. నగరము చుట్టు వ్యాపించిన కర్మాగారముల ప్రాంతము 'సింతురోన్ ఇందుస్త్రియల్'. మాడ్రిడ్, బార్సిలోనాల చుట్టు కార్మికులు నివసించుచు వామపక్షములకు ఓటు వేయు పేటలకు 'ఎఱ్ఱ నడికట్టు' అను పేరు వచ్చినది. అంగారక, బృహస్పతి గ్రహముల కక్ష్యల నడుమ తిరుగు చిన్న గ్రహముల సమూహమును 'సింతురోన్' అనియే అందురు. మన పల్లెలలో గొల్లకావడి యని చూపించు మూడు చుక్కలు స్పానిష్ వారికి 'ఒరియోన్ నడికట్టు'. వారి పల్లెజనులు వానినే 'ముగ్గురు మరియలు' అనియు అందురు. నడుమును చూచినవారు కొందరు, కావడిని చూచినవారు కొందరు, ముగ్గురు స్త్రీలను చూచినవారు మరికొందరు. చుక్కలు మాత్రము అవే.

'ఫాఖా'యు నేలపైకి దిగినది. సన్నని పొడవైన భూభాగము 'ఫాఖా'. వెనెజులాలో ఒరినోకో నది వెంబడి భూమిలోపల చిక్కని ముడిచమురు నిండిన ప్రాంతమును 'ఒరినోకో ఫాఖా' అందురు. నేటి సాంకేతిక జ్ఞానముతో అచ్చట వెలికితీయదగిన చమురు సుమారు 51,300 కోట్ల పీపాలుండునని 2009లో అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ అంచనా వేసినది. పల్లెటూరి రైతు నడుమునకు చుట్టిన వస్త్రపు పేరు ఒక దేశపు ఐశ్వర్యమునకు పేరైనది. క్రొత్త పుస్తకపు అట్టకు చుట్టు సన్నని కాగితపు పట్టీ గూడ 'ఫాఖా'యే.

'సోనా' అను మాట స్పానిష్‌లో ప్రాంతము, మండలము అను అర్థములనిచ్చును. గ్రీకు భాషలో దీని మూలపదమునకు నడికట్టు అనియే అర్థము. ప్రాచీనులు భూగోళమును ఉష్ణ, సమశీతోష్ణ, శీత భాగములుగా విభజించి, వానిని భూమి నడుమునకు చుట్టిన పట్టీలుగా భావించిరి. మన సంస్కృతమున 'మేఖల' యనగా మొలనూలు, కొండ నడిమి చరియ యని గూడ అర్థము. దూరదేశముల వారి ఊహలును మన ఊహలును ఇచ్చట ఒకే దారిన నడచినవి.

వైద్యమునందును నడికట్టు కలదు. నడుము చుట్టు పొక్కులుగా వచ్చి మంట పెట్టు వ్యాధికి వైద్యులు వాడు 'జోస్టర్' అను మాట గ్రీకులో నడికట్టే. కాని స్పానిష్ పల్లెజనులు దానిని 'కులెబ్రీయా' అందురు. అనగా చిన్న పాము. తెలుగువారు అదే వ్యాధిని 'సర్పి' అందురు. వైద్యునికి బెల్టు వలె కనిపించినది రోగికి, ఇచ్చటను అచ్చటను, పాము వలెనే కనిపించినది.

గర్భవతిని 'ఎన్సింతా' అందురు. ఏడవ శతాబ్దమున సెవీల్ నగర ధర్మాధికారిగా నున్న ఇసిదోరో పండితుడు దీనికి 'నడికట్టు కట్టుకొననిది' యని వ్యుత్పత్తి చెప్పెను. గర్భము బిగువైన కట్టును ఓర్వదని ఆయన వివరణ. దీనితో ఏకీభవింపని పండితులును కలరు. గర్భవతి యను అర్థముగల వేరొక లాటిన్ పదమే రూపము మారి ఇట్లైనదని వారి వాదము.

4. ఇనుప నడికట్టు కథ

చరిత్రలో ఒక 'సింతురోన్' విశేష ప్రసిద్ధి పొందినది. స్పెయిన్ అంతర్యుద్ధ కాలమున, 1936లో, బాస్క్ ప్రభుత్వము బిల్బావో నగరమును కాపాడుకొనుటకు చుట్టునున్న కొండలపై కందకములు, కాంక్రీటు బురుజులు నిర్మింపజేసినది. దానిని 'ఇనుప నడికట్టు' అనిరి. నిర్మాణములో ముఖ్యపాత్ర వహించిన ఇంజనీరు అలెహాండ్రో గోయికోఎచియా 1937 ఫిబ్రవరిలో నకళ్ళతో సహా శత్రుపక్షమున చేరెను. బలహీనస్థానము లెచ్చట నున్నవో ఫ్రాంకో సైన్యమునకు తెలిసినది. జూన్ 12న ఆ వరుస తెగినది, జూన్ 19న నగరము లొంగిపోయినది. ఈ ఇంజనీరే తరువాత 'తాల్గో' అను తేలికరకపు రైలును రూపొందించి పేరు గడించెను. నడికట్టునకు బలము తోలులో లేదు, బకిల్‌లో నున్నదని ఈ కథ వలన తెలియును.

5. జాతీయములు: అనువాదకుని గోతులు

మేము పడిన గోతిని మొదటనే చెప్పితిమి. ఆంగ్లము తెలిసినవారు "మేము పడియుండెడివారము కాము" అనవచ్చును. నిజమే, ఆంగ్లమున గూడ బెల్టు బిగించుట పొదుపునకే గుర్తు. కాని ఆ ఆంగ్లమే మరియొక చోట త్రోసివేయును. అన్యాయపు దెబ్బను ఆంగ్లేయులు బెల్టు క్రింది దెబ్బ యందురు. స్పానిష్ వారు దానిని 'గోల్పె బాఖో', అనగా క్రింది దెబ్బ, అని ఊరకొందురు. అందు బెల్టు లేదు. గడించిన అనుభవమును ఆంగ్లేయులు బెల్టు క్రింద దాచుకొందురు. స్పానిష్ వారు వీపున మోయుదురు.

అదుపు తప్పినవానిని దారికి తెచ్చుటను 'మెతెర్ ఎన్ సింతూరా' అందురు. నడుములో పెట్టుట యని మాటలకు అర్థము. మనము 'దారిలో పెట్టుట' యందుము. 'తెనెర్ కొర్రెయా', అనగా తోలుపట్టె కలిగియుండుట, ఎగతాళిని కోపము లేక ఓర్చుకొను గుణము. తోలు సాగునే గాని తెగదు గదా! ఒక పక్షము చెప్పినదానిని ప్రజలలోనికి చేరవేయు అనుబంధ సంఘమును యంత్రపు బెల్టుతో పోల్చి 'కొర్రెయా దె త్రాన్స్‌మిసియోన్' అందురు. ఇది గౌరవముతో అను మాట కాదు.

కావున విద్యార్థులు ఒక నియమము పాటించవలెను. జాతీయము కనిపించినప్పుడు మన భాషలో దానిని పోలినది వెంటనే తోచినచో, అప్పుడే ఎక్కువ అనుమానపడవలెను. ముందు వెనుకల వాక్యములు రెండేసి చదివిన పిమ్మటనే కలము ఎత్తవలెను. ఒక్క భాష సాక్ష్యము చాలదు. మా విషయమున రెండు భాషల సాక్ష్యమును చాలలేదు.

6. తఆలీ

చివరకు ఒక మాటను దాచి యుంచితిమి. కుడి భుజము మీదుగా రొమ్మునకు అడ్డముగా వచ్చి, ఎడమ వైపున కత్తిని మోయు తోలుపట్టెను స్పానిష్‌లో 'తఆలీ' అందురు. వ్రాతలో నడుమ 'హ' కలదు, పలుకుటలో లేదు. పలుకబడని ఆ అక్షరములోనే దాని చరిత్ర యున్నది.

ఈ మాటకు మూలము అరబ్బీలోని 'తహ్లీల్'. మన ఉర్దూ విద్యార్థులకు 'తస్బీహ్, తహ్లీల్' అను జంటమాట చిన్ననాటి నుండి పరిచితమే. 'లా ఇలాహ ఇల్లల్లాహ్' అని ఉచ్చరించుటకు తహ్లీల్ అని పేరు. ఆ పవిత్రవాక్యమునకును కత్తిపట్టెకును సంబంధమేమి? అందలూసియా ముస్లిం సైనికులు ఖురాన్‌ను చిన్న తోలుపెట్టెలో ఉంచి పట్టెతో ధరించెడివారు. క్రైస్తవులు గూడ అట్టి పెట్టెలోనే తమ ప్రార్థనలను, సాధువుల స్మారకములను ఉంచుకొనిరి. స్పానిష్ అకాడమీ నిఘంటువు ఈ రెండవ అర్థమును నేటికిని నమోదు చేసియున్నది. లోపలి వాక్యపు పేరు పెట్టెకు వచ్చినది, పెట్టె పేరు పట్టెకు వచ్చినది.

711లో ముస్లింలు ఐబీరియాలో అడుగిడిరి. 1492లో గ్రెనడా రాజ్యము అంతరించినది. 1609 నుండి 1614 వరకు, మతము మార్చుకొన్న మోరిస్కోలను గూడ దేశము నుండి వెడలగొట్టిరి. మనుష్యులు వెళ్ళిపోయిరి, వారి మాటలు నిలిచినవి. వందలకొలది అరబ్బీ పదములు నేటికిని స్పానిష్ వారి నిత్యవ్యవహారమున నున్నవి. 'అట్లు జరిగిన బాగుండును' అనుటకు వారు చెప్పు 'ఓఖలా' అను మాటలో అల్లా నామము కలదు. చెప్పువారికి ఆ యెరుక సాధారణముగా ఉండదు. ఏ వాక్యమును ఉచ్చరించుట నేరమని వెడలగొట్టిరో, ఆ వాక్యపు పేరే వెడలగొట్టిన వారి సైనికుల రొమ్ముపై మిగిలినది.

7. ముగింపు

మన కళాశాలలో ఈ విషయమునకు దూరము లేదు. ఉర్దూ నుండి వచ్చిన ఖర్చు, జవాబు, దస్తావేజు, పటకా అను మాటలు లేక తెలుగువారికి దినము గడువదు. ఆ మాటలు పలుకు పొరుగువారు మన ప్రక్క బల్ల మీదనే కూర్చున్నారు. పలుకబడని అక్షరము కొరకు నిఘంటువులో వెదకవలసిన దుర్గతి మనకు పట్టలేదు. అది పట్టకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

కళాశాల పాలకవర్గమునకు ఒక విన్నపము. మన గ్రంథాలయమున స్పానిష్ పదములకు ఆంగ్లార్థములిచ్చు చిన్న నిఘంటువు మాత్రమే కలదు. స్పానిష్‌లోనే అర్థములు, పదముల పుట్టుక, దేశదేశముల వాడుక చెప్పు పెద్ద నిఘంటువు నొకదానిని తెప్పింప ప్రార్థించుచున్నాము. స్పానిష్ అకాడమీ నిఘంటువు 23వ కూర్పు 2014లో వెలువడినది. అది మా వద్ద నున్నచో ఆ రెండు సమాధానపత్రములను ఒప్పని దిద్దియుండెడివారము కాము.

ఆ పత్రములను మరల తెప్పించి, ఎఱ్ఱసిరాతో మా దిద్దుబాటును మేమే దిద్దుకొని, విద్యార్థులకు తిరిగి ఇచ్చితిమి. తెలుగు విద్యార్థి తన వాక్యమును "ప్రజలు కడుపు కట్టుకొనవలెనని ప్రభుత్వము చెప్పినది" అని మార్చి వ్రాసెను. ఉర్దూ విద్యార్థిని 'పేట్ కాట్‌నా' అని మార్చినది. ఈసారి ఇద్దరును ఒకరి వ్రాత నొకరు చూచుకొనిరి, మేమును వారింపలేదు.